నిశ్శబ్దంలో అత్తయ్య పాదాలు

ఇనప ట్రంకు మూత తీయగానే ముందు వాసన వస్తుంది. పాత తోలు, ఆముదం, చెమట, అడుగున ఎక్కడో ఎండిపోయిన మట్టి, అన్నీ కలిసిన వాసన. వానలు తగ్గాక ఏటా ఒకసారి ఆ ట్రంకులోని చెప్పులన్నీ తీసి, బూజు పట్టకుండా ఎండలో పెడతాను. మొన్న ఆదివారం కృష్ణానగర్‌లో మా మేడమీద వాటిని వరసగా పేర్చి పక్కనే కూర్చున్నాను. పోలీసు బూట్లు, పెళ్లికొడుకు జోళ్లు, కిర్రుచెప్పులు, ఎత్తుమడమల చెప్పులు, ఒక జత పావుకోళ్లు. మనుషులు లేకుండా చెప్పులు మాత్రమే అలా బారులు తీరి ఉంటే, వాటిలో నిలబడినవాళ్లు మన కంటికి ఆనడం లేదేమో అనిపిస్తుంది. నిజానికి ఆ చెప్పులన్నిటిలోనూ నిలబడింది ఒక్క మనిషే. మా నాన్నగారి చెల్లెలు, మా అత్తయ్య భ్రమరాంబ.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు. సినిమాలో కథానాయిక మెట్లు దిగి వస్తున్నప్పుడు వినిపించే అడుగుల చప్పుడు షూటింగు రోజున పట్టింది కాదు. తర్వాతెప్పుడో ఒక చీకటి గదిలో, తెరమీద బొమ్మను చూస్తూ, మరొకరు ఆ నడక నడుస్తారు. వాళ్లను ఎఫెక్ట్స్ ఆర్టిస్టులంటారు. ఫిల్మ్‌నగర్‌లో గుట్ట మీది గుడికి వెళ్లే దారిలో, ఒక మేడ కింద నేలమాళిగలో ఉన్న రికార్డింగ్ థియేటర్‌లో మా అత్తయ్య ఆ పని చేసేది. పరిగెత్తే దొంగా ఆవిడే, వెంటపడే పోలీసూ ఆవిడే. అత్తారింట్లో అడుగుపెట్టే కొత్తకోడలి మట్టెల చప్పుడూ ఆవిడదే.

అమ్మ నన్ను కన్న కొద్దికాలానికే పోయింది. నాన్న ముప్పై అయిదు నిండకుండానే కామెర్లతో వెళ్లిపోయారు. అత్తయ్య పెళ్లి చేసుకోలేదు. నన్ను తెచ్చి కృష్ణానగర్‌లో తన ఒంటిగది వాటాలో పెట్టుకుంది. నాకు చిన్నప్పుడు ఉబ్బసం. నెలలో సగం రోజులు బడికి పోలేకపోయేదాన్ని. చివరికి బడి మాన్పించి తనే చదువు చెప్పింది. అక్షరాలు, ఎక్కాలు, సహస్రనామాలు, అన్నీ ఆవిడ దగ్గరే. పదో తరగతి ప్రైవేటుగా కట్టేదాకా నాకు మరో గురువు లేరు. ఆవిడ చదువు చెప్పే తీరు వేరుగా ఉండేది. మా వాటా ముందున్న మెట్ల మీద నన్ను కళ్లు మూసుకుని కూర్చోమని, పైకి వస్తున్నదెవరో చెప్పమనేది. ఆ మేడలో గ్రూపు డాన్సర్లు, వేషాల కోసం ఊళ్లనుంచి వచ్చినవాళ్లు చాలామంది అద్దెకుండేవారు. మొదట్లో ఊహించి ఏదో ఒక పేరు చెప్పేదాన్ని.

"ఊహించకే. విను. విన్నదే చెప్పు. వినపడనిది వినపడలేదని చెప్పు," అనేది అత్తయ్య.

కొన్నాళ్లకు నాకు అందరూ తెలిసిపోయారు. వేషం దొరికిన రోజు ఎలా ఎక్కుతారో, దొరకని రోజు ఎలా ఎక్కుతారో కూడా తెలిసేది. ఇంటి ఓనరు భార్య సత్తెమ్మగారు చప్పుడు కాకుండా వచ్చి కిటికీ దగ్గర చెవిపెట్టి నిలబడేది. నేను లోపలినుంచే "రండి పెద్దమ్మా" అని పిలిస్తే ఉలిక్కిపడి, "ఏం పిల్లవే నువ్వు, గోడల్ల కండ్లున్నయా నీకు" అని తిడుతూ వచ్చి కూర్చునేది.

నాకు కాస్త ఊపిరి నిలకడ వచ్చాక అత్తయ్య నన్ను థియేటర్‌కు తీసుకువెళ్లడం మొదలుపెట్టింది. ఆ గదిలో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయాను. గోడలన్నిటికీ మెత్తలు దట్టించి ఉంటాయి. మాట నోటిలోంచి రాగానే అక్కడే చచ్చిపోతుంది. కాసేపు ఊరుకుంటే మన నెత్తురు మన చెవుల్లోనే వినిపిస్తుంది. నేలమీద ఒకచోట చెక్కలు, ఒకచోట నాపరాయి, ఇసుక తొట్టి, ఎండుటాకుల గోనెపట్టా. అత్తయ్య వాటి మీద అడుగు పెట్టబోయే ముందు వంగి నేలను ముట్టుకుని కళ్లకద్దుకునేది. పొద్దున లేవగానే కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమించమని వేడుకుంటాం కదా. అందరూ రోజుకొకసారి చేసే ప్రార్థన ఆవిడ టేకు టేకుకీ చేసేది. "మన కూడే తొక్కుడులో ఉంది. అడగకుండా ఎలా తొక్కుతాం," అనేది. నా భక్తి ఏదైనా ఉంటే అది గుళ్లో మొదలవలేదు, ఆ చెక్కల ముందు మొదలైంది.

ఆ పనిలో ఒక ఆచారం ఉంది. ఏ సన్నివేశమైనా మొదలుపెట్టే ముందు కాసేపు ఖాళీ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటారు. మాటల మధ్య సందుల్లో అతకడానికి అది కావాలి. అప్పుడు గదిలో ఉన్నవాళ్లు కదలకూడదు, గుటక వేయకూడదు, గాజులు తీసి పక్కన పెట్టాలి. అత్తయ్య చెక్కల మీద చేతులు కట్టుకుని శిల్పంలా నిలబడేది. నేను మూలన పీట మీద కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు యాదగిరి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ ఉండేవాడు. రహమత్‌నగర్ మనిషి. అత్తయ్యను సొంత అక్కలాగే చూసేవాడు.

ఒకరోజు అతను నిశ్శబ్దాన్ని వెనక్కి తిప్పి విని, మైకులో, "అక్కా, ఎవలన్న కదిలిండ్రా?" అన్నాడు. ఎవరూ కదల్లేదన్నాం. మళ్లీ రికార్డు చేశాడు. మళ్లీ అదే. లోపలికి పిలిచి వినిపించాడు. గది ఊపిరి తీసుకుంటున్నట్టు సన్నని హోరు. అందులోంచి, మైకుకు తప్ప చెవికి అందనంత సన్నగా, ఒక అడుగు. ఆగి, మరో రెండు. చెక్కమీద ఎవరో నడవబోయి మానుకున్నట్టుగా ఉంది.

ముందు జూబ్లీహిల్స్‌లో కొత్త మేడల కోసం బండలు పగలగొడుతున్న చప్పుడేమో అనుకున్నారు. పని ఆపే వేళ చూసి రికార్డు చేసినా అది వినిపించింది. తర్వాత ఎలుకలన్నారు. బోను పెడితే ఏమీ పడలేదు. ఆపైన ఎవరూ పైకి అనలేదు గానీ, సాయంత్రమయ్యేసరికి ఆ నేలమాళిగలోకి టీ తెచ్చేవాడు కూడా గుమ్మంలోనే పెట్టి పోసాగాడు. థియేటర్ ఓనరుగారు సినిమా మనిషి. ముహూర్తం లేకుండా మంచినీళ్లు కూడా తాగరు. ఆయన పూజారిని పిలిపించి శాంతి చేయించారు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టించి, నాలుగు మూలలా నిమ్మకాయలు పెట్టించారు. నేనూ కూర్చుని శ్రద్ధగా జపం చేశాను. మరునాడు నిశ్శబ్దం రికార్డు చేస్తే ఆ అడుగులు ఇంకాస్త దగ్గరగా వినిపించాయి.

అందరూ ఇక థియేటర్ మార్చేద్దామనే మాటల్లో ఉన్నారు. అత్తయ్య మాత్రం హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకుని, కళ్లు మూసుకుని, ఆ ముక్కను మళ్లీ మళ్లీ వేయించుకుంది. మెట్ల దగ్గర నన్ను కూర్చోబెట్టినప్పుడు తన ముఖం ఎలా ఉండేదో అలాగే ఉంది. తర్వాత అందరినీ బయటికి పంపి, నన్నొక్కదాన్నే చెక్కల మీద నిలబెట్టి రికార్డు చేయమంది. శుభ్రంగా వచ్చింది. అప్పుడు నన్ను అద్దం వెనక్కి పంపి, తనొక్కతే వెళ్లి నిలబడింది.

ఆ దృశ్యం నేను బతికినన్నాళ్లూ మరచిపోను. మసక దీపం కింద అత్తయ్య నిటారుగా, చేతులు కట్టుకుని, రెప్ప కదపకుండా ఉంది. ఆవిడ కుడిపాదం బొటనవేలు మెల్లగా లేచి చెక్కను తాకింది. ఆగింది. మడమ లేచి దిగింది. మళ్లీ వేలు. ఆవిడ లోపల ఇంకెవరో నిలబడి ఉన్నట్టు, వాళ్లకు బయల్దేరడానికి వేళ మించిపోతున్నట్టు. పైనున్న ముఖానికి ఆ పాదం సంగతి తెలియనే తెలియదు. యాదగిరి చెయ్యి మీటల మీద అలాగే ఉండిపోయింది.

అత్తయ్య అద్దం ఇవతలికి వచ్చి, విని, "నేను కదల్లేదు కదా," అంది యాదగిరితో. అతను నా వైపు చూశాడు. విన్నదే చెప్పమని నేర్పిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉంది.

"కదిలావత్తయ్యా."

"ఏది?"

"కుడికాలు."

ఆవిడ తన కాలి వైపు పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. "ఓనరుగారితో చెప్పండి, దయ్యం దొరికిందని. ఆ నిమ్మకాయలు తీసేయమనండి, పులిసిన వాసన," అంది. 

ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని మొదటిసారి మా నాయనమ్మ గురించి చెప్పింది. రేపల్లె దగ్గర కాలవ గట్టు మీద ఊరు వాళ్లది. ఇంటి ముందు చెక్కల వసారా. నాయనమ్మ నడిస్తే ఒక పొడుగు అడుగు, ఒక ఈడుపు, వెంటనే రెండు గబగబ అడుగులు. చేతులు గాలిలో ఎవరినో పిలుస్తున్నట్టు ఆడేవి. గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు, వేపమండలతో కొట్టారు. వీధిలో పిల్లలు ఆ నడక నడిచి చూపించి నవ్వేవారు. ఒకరోజు కాలవలో జారిపడి పోయింది. అప్పటికి అత్తయ్యకు పదేళ్లు కూడా లేవు.

"ఆ చప్పుడు వినగానే తెలిసిందే నాకు. అది మా అమ్మ నడక. నా కాళ్లలోకి ఎప్పుడొచ్చిందో," అంది.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ అత్తయ్యను నడిపించింది, నాలుక బయటపెట్టి ఉంచమంది, వేళ్లు ఒకదానికొకటి తాకించమంది. నెత్తురు పరీక్ష ఫలితం వచ్చాక దాని పేరు హంటింగ్టన్ జబ్బని చెప్పింది. వంశంలో వచ్చేది. నడి వయసుదాకా దాక్కుని ఉండి అప్పుడు బయటపడుతుంది. కదలికలు పెరుగుతాయి, మింగడం కష్టమవుతుంది, మనసు కూడా మారవచ్చు. నెమ్మదింపజేసే మందులున్నాయి గానీ పోగొట్టేవి లేవు. ఇంకొక మాట కూడా చెప్పింది. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి తాము కదులుతున్నట్టే తెలియదట. పక్కవాళ్లు చెప్పాల్సిందేనట.

"మీకు తోడబుట్టినవాళ్లున్నారా?" అని అడిగింది.

"అన్నయ్య ఒక్కడే. దీని నాన్న. లేడు."

డాక్టరమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు ఉండడానికీ ఉండకపోవడానికీ సమానమైన అవకాశమని చెప్పింది. నాన్న నెత్తురులో అది లేకపోయి ఉంటే నాకు రాదు. నాన్న అది బయటపడే వయసుదాకా బతకలేదు కాబట్టి ఆయన సంగతి ఎవరూ చెప్పలేరు. నా నెత్తురే చెప్పాలి. తొందర లేదు, చేయించుకుని తీరాలనీ లేదు అంది. గదిలోంచి బయటికి వస్తూ ఆసుపత్రి నడవలో నేను నా అడుగులు వినడం మొదలుపెట్టాను. ఆ వినడం ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆగలేదు.

థియేటర్‌లో దయ్యం కథ బయటికి పొక్కింది. ఒక కుర్ర డైరెక్టరు దయ్యాల సినిమా తీస్తూ, ఆ అడుగులే తనకు కావాలని వచ్చాడు. యాదగిరికి కోపం వచ్చి, "బీమారి చప్పుడు సార్ అది, ఆటకాదు," అన్నాడు. అత్తయ్య మాత్రం ఒప్పుకుంది. చెప్పులు విడిచి, నేలకు దండం పెట్టి, కళ్లు మూసుకుని చెక్కల మీద నడిచింది. పొడుగు అడుగు. ఈడుపు. గబగబ రెండు. ఆ చివరినుంచి ఈ చివరికి. ఏ నడకనైనా ఆవిడ తెర చూసి నడిచేది. ఆ రోజు తెరవైపు తిరగనే లేదు. కొంత నటిస్తోందో, కొంత ఆ కాళ్లే నడుస్తున్నాయో నేను పోల్చుకోలేకపోయాను. ఆ గదిలో నాకు తెలియని మా నాయనమ్మ ఒక చివరినుంచి మరో చివరికి వచ్చింది. యాదగిరి లేచి వెళ్లి పెద్ద దీపం వేశాడు.

డైరెక్టరు పొంగిపోయాడు. "సూపర్ మేడమ్. ఇంకొక్క టేక్. ఇంకొంచెం భయంగా కావాలి."

"ఇంకా భయంగానా?" అంది అత్తయ్య రొప్పుతూ. "అందులో భయమేం లేదు బాబూ. అన్నం తెస్తోంది."

ఆయన హాస్యమనుకుని నవ్వాడు.

సినిమా విడుదలయ్యాక మ్యాట్నీకి ఇద్దరం వెళ్లాం. ఆ అడుగులు వచ్చేసరికి హాలంతా బిగుసుకుపోయింది. మా వెనక ఎవరో పిల్ల అమ్మ ఒళ్లో ముఖం దాచుకుని ఏడ్చింది. అత్తయ్య పాదాలు కుర్చీ కింద అదే నడకను కొడుతున్నాయి, తెరలోని అడుగుకు ఇక్కడి అడుగు బదులు చెబుతున్నట్టు. ముందు వరసలోని ఆయన వెనక్కి తిరిగి, ఆవిడ కాళ్లు చూసి, ముఖం చూసి, మారు మాట్లాడకుండా లేచి వేరే సీటుకు వెళ్లిపోయాడు. అత్తయ్య నా చెవి దగ్గరికి వంగింది. చెంపలు తడిసి ఉన్నాయి. నవ్వుతోంది.

"వినవే. మీ నాయనమ్మ. ఆకలేసి పడుకుంటే ఆ చప్పుడు కోసమే చూసేవాళ్లం నేనూ మీ నాన్నా."

నాకు అప్పటిదాకా ఆ చప్పుడంటే జబ్బు, కాలవ, చావు. హాలు నిండా జనం వణికిపోతున్న చీకటిలో కూర్చుని, అన్నం కోసం ఎదురుచూసిన ఇద్దరు పిల్లలకు అది ఎలా వినిపించేదో మొదటిసారి విన్నాను. నా వణుకు అప్పుడే పోయిందని చెప్పను. దానికి మరో పక్క ఉందని మాత్రం తెలిసింది. అందుకు నన్ను పెంచిన ఆ తల్లికి ఎన్ని నమస్కారాలు పెట్టినా చాలవు.

ఆ తర్వాత ఆవిడ పని మానేసింది. చేతులు, భుజాలు, ముఖం, అన్నీ కదలసాగాయి. మొదట్లో సత్తెమ్మగారు మెట్ల దగ్గర నిలబడి, "ఏంది అంబమ్మా, పొద్దుగాల్నే ఏసినవా?" అని ఎగతాళి చేసింది. "మీరు పోయించారా ఏంటి, ఎప్పుడూ చుక్క కూడా పంపలేదుగా," అని అత్తయ్య జవాబిచ్చింది. సంగతి తెలిశాక ఆవిడే రోజూ గంజి కాచి పంపేది. ఒక శుక్రవారం పక్క సందులోనుంచి ఆడవాళ్లు పసుపూ కొబ్బరికాయా పట్టుకుని వచ్చారు, అమ్మవారు పూనిందని ఎవరో చెప్పారట. తమ పిల్లలకు వేషాలు వస్తాయో రావో చెప్పమన్నారు. అత్తయ్య వాళ్లను కూర్చోబెట్టి, అప్పటికే ముద్దగా వస్తున్న మాటలతో, ఇది అమ్మవారు కాదు, మా అమ్మ ఇచ్చిన జబ్బని చెప్పి, కొబ్బరికాయ గుళ్లో కొట్టుకోమని పంపేసింది. నేను దేవుణ్ణి నమ్మినదాన్ని. ఆ రోజు ఆవిడ కాదన్నందువల్ల నా నమ్మకం ఇంకా గట్టిపడింది.

మాట పూర్తిగా పోకముందే ఒక మధ్యాహ్నం నన్ను మంచం దగ్గరికి పిలిచింది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పింది.

"వేదా, నా కోసం ఆ పరీక్ష చేయించుకోకు. భయమేసి నేను అడుగుతానేమో. అడిగినా చేయించుకోకు. నీకు తెలుసుకోవాలనిపించిన రోజున వెళ్లు."

మెలకువగా ఉన్నంతసేపూ ఆవిడ ఒళ్లు ఆగేది కాదు. మంచం కిర్రు ఇల్లంతా వినిపించేది. నిద్రపట్టగానే అన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. వేళ్లు, పెదవులు, పాదాలు, ఎవరో దిగి వెళ్లిపోయినట్టు. ఆ నిశ్శబ్దానికే నేను భయపడేదాన్ని. వంటింట్లోంచి పరుగెత్తుకుని వచ్చి ఊపిరి చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం నేను సహస్రనామం చదువుతుండగా మంచం ఆగింది. నిద్రపోయిందనుకుని, ఆఖరి నామం దాకా చదివి, లేచి చూశాను. పాదాలు రెండూ జతగా ఉన్నాయి.

ఆ చెక్కల మీద, అత్తయ్య చేసిన పనిలో, ఇప్పుడు నేను నిలబడుతున్నాను. ఆవిడ పోయిన చాలా ఏళ్లదాకా పరీక్ష ఊసెత్తలేదు. నలభై దగ్గర పడుతుండగా నాకొకటి తోచింది. ఆ రోజు అద్దం వెనక ఉన్న నాకూ యాదగిరికీ ఆ కాలు కదలడం కనబడింది. అందరికన్నా బాగా వినగల మనిషికే ఆ సంగతి ఆఖరున తెలిసింది. నా సంగతి ఊరంతటికీ తెలిసి నాకు తెలియకుండా ఉండడం నాకిష్టం లేకపోయింది. ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసే అమ్మాయి, వినడానికి సిద్ధమేనా అని రెండు మూడు రకాలుగా అడిగింది. ఇప్పుడైనా వద్దనవచ్చు అంది. లేకుండా చేయమని నేను దేవుణ్ణి అడగలేదు. ఉన్నదో లేనిదో నా నెత్తురులో ఎప్పుడో రాసిపెట్టి ఉంది. విన్నాక నిలబడే ఓపిక ఇమ్మని మాత్రం అడిగి, చెప్పమన్నాను.

ఉంది.

ఆ అమ్మాయి నీళ్లు ఇచ్చింది. తాగాను. ఇంకా ఏ లక్షణమూ మొదలవలేదని, ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేమని, అప్పుడప్పుడు వచ్చి చూపించుకోమని చెప్పింది. బయట ఎండ బాగా కాస్తోంది. ఆటో ఎక్కి నేరుగా ఫిల్మ్‌నగర్ వెళ్లాను. ఆ రోజు ఒక సీరియల్ పని ఉంది.

యాదగిరి ఇప్పుడు ముసలివాడయ్యాడు. చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. లోపలికి వెళ్లేముందు అతని కుర్చీ దగ్గర ఆగి ఫలితం చెప్పాను. నా కాలు చప్పుడు చేసిన రోజున ఎవరికీ చెప్పకముందు నాకే చెప్పాలని, నేను ఒప్పుకోకపోతే వినిపించి ఒప్పించాలని అడిగాను.  అతను హెడ్‌ఫోన్స్ తీసి తలకు పెట్టుకున్నాడు.

నేను వెళ్లి నేలకు దండం పెట్టి, చెక్కల మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. గది హోరు చెవుల్లో నిండింది. నా పాదాలు కదిలాయో లేదో చెప్పగలిగే శక్తి నాకు లేదని ఆ క్షణంలో తెలుస్తూనే ఉంది. మైకులో అతని గొంతు వచ్చింది.

"ఇయ్యాల సాఫ్ ఉంది బిడ్డా."

అప్పటినుంచి పని ఉన్న రోజున అతను ఆ మాట చెబుతూనే ఉన్నాడు. ఆ మాటకు మనసులోనే ఒక నమస్కారం పెట్టుకుని, తెర వెలిగాక, ఎవరిదో ఒకరి నడక మొదలుపెడతాను.